ఈ వారం పరాషాతో కాపురం: తోరాను హసీదీ పద్ధతిలో చదవడానికి సమగ్ర మార్గదర్శి

యూదుల్లో హసీదీ అనే భక్తి ఉద్యమం ఉంది. అందులో చాబాద్ శాఖను స్థాపించిన రబ్బీ (మత గురువు) ష్నేయుర్ జల్మాన్ (1745–1812) ఒకసారి శిష్యులతో "కాలంతో పాటు బతకాలి" అన్నారని ఆ శాఖలో చెప్పుకుంటారు. లోకం ఎటు పోతే అటు పొమ్మని గురువుగారు చెప్పడమేమిటో శిష్యులకు అంతుపట్టలేదు. చివరికి ఆయన తమ్ముడి ద్వారా సంగతి తెలిసింది. కాలం అంటే ఆ వారం చదవాల్సిన తోరా భాగం, అంటే యూదుల పవిత్ర గ్రంథంలోని భాగం. దాన్ని చదివి పక్కన పెట్టేయడం కాదు, వారమంతా దానితో బతకాలి.

అదెలా చేయాలో చెప్పడమే ఈ వ్యాసం పని. హీబ్రూ రానవసరం లేదు. తెలుగు బైబిలు పాత నిబంధన, ఒక నోటుబుక్కు, రోజుకు ఇరవై నిమిషాలు ఉంటే మొదలుపెట్టొచ్చు. ఇది యూదుల సంప్రదాయం. వాళ్ల ఇళ్లలో, ప్రార్థనాలయాల్లో, విశ్రాంతి దినపు బల్ల చుట్టూ పెరిగింది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనే ఎఫ్రాయిం కుటుంబాలు యూదు ఆచారాలు పాటిస్తున్నాయి, కానీ వాళ్లు హసీదీలు కారు. మనలో చాలామందికి ఈ కథలు చర్చిలోనో సండే స్కూల్లోనో పరిచయమయ్యాయి. చదువుతున్న ఆ కాసేపు మాత్రం వాటిని యూదులు చదువుకున్నట్టే చదవండి. క్రీస్తుకు ముందుసూచనలు ఎక్కడున్నాయా అని వెతికే అలవాటును ఆ ఇరవై నిమిషాలూ పక్కన పెట్టండి. లేకపోతే చివరికి మీకు ముందే తెలిసిన అర్థమే మళ్లీ చేతికొస్తుంది.

ముందుగా కొంత నేపథ్యం

తోరా అంటే మోషే అయిదు కాండాలు, ఆదికాండము నుంచి ద్వితీయోపదేశకాండము దాకా. వీటిని 54 భాగాలు చేశారు. ఒక్కో భాగం పేరు పరాషా. శరదృతువులో, ఎక్కువగా అక్టోబరులో, సిమ్ఖాత్ తోరా అనే పండుగ వస్తుంది. ఆ రోజు ద్వితీయోపదేశకాండము చివరి మాటలు చదివి, వెంటనే ఆదికాండము మొదటి మాటలు అందుకుంటారు. అక్కడి నుంచి వారానికొక పరాషా.

హసీదీ ఉద్యమం 18వ శతాబ్దంలో నేటి ఉక్రెయిన్, పోలండ్ ప్రాంతాల్లో బాల్ షెమ్ తోవ్ (మరణం 1760) చుట్టూ పుట్టింది. దేవుడు లేని చోటు లేదు కాబట్టి తినడం, బేరమాడడం, దారిన నడవడం కూడా ఆరాధనే అవుతుందని ఆయన మాట. తోరాలోని ప్రతి సంఘటనా ప్రతి మనిషిలో, ప్రతి కాలంలో జరుగుతూనే ఉందన్నది దానికి జంటగా నడిచే మాట. 1780లో అచ్చయిన మొట్టమొదటి హసీదీ పుస్తకం పరాషాల వరుసలోనే సాగుతుంది. ఆ తర్వాతి గురువుల గ్రంథాల్లో ఎక్కువ భాగం అదే దారి పట్టాయి. కారణం తేలికే. వాటిలో చాలావరకు శనివారం భోజనాల దగ్గర అక్కడి యూదులు మాట్లాడుకునే యిద్దిష్ భాషలో చెప్పిన మాటలు, తర్వాత హీబ్రూలో రాసిపెట్టినవి.

మొదటి మెట్టు: ఈ వారం ఏ పరాషానో తెలుసుకోండి

హెబ్‌కాల్ అనే వెబ్‌సైటులో తేదీ చూస్తే పరాషా పేరు, అధ్యాయాలు, వచనాలు వచ్చేస్తాయి. రెండు చిక్కులున్నాయి. యూదుల క్యాలెండర్లో 19 ఏళ్లకు ఏడుసార్లు అధిక మాసం వస్తుంది, మన పంచాంగంలో లాగే. అధిక మాసం లేని ఏడాది వారాలు చాలవు కాబట్టి కొన్ని పరాషాలను జంటగా చదివేస్తారు. ఇక కొన్ని పండుగలు ఇశ్రాయేలు బయట ఒక రోజు ఎక్కువ ఉంటాయి. ఆ అదనపు రోజు శనివారమైతే ఇశ్రాయేలు వాళ్లు ఒక పరాషా ముందుకెళ్లిపోతారు, కొన్ని వారాలకు గానీ రెండు వరుసలూ కలవవు. భారతదేశంలో ఉన్నవాళ్లు "ఇశ్రాయేలు బయట" అన్న వరుస పట్టుకుంటే సరి.

వచనాల అంకెలతో ఇంకో తంటా ఉంది. హీబ్రూ ముద్రణల్లో కొన్ని అధ్యాయాలు వేరేచోట మొదలవుతాయి. ఉదాహరణకు 'త్సావ్' అనే పరాషా హీబ్రూలో లేవీయకాండము 6:1తో మొదలైతే, తెలుగు బైబిల్లో అది 6:8. అంకె కుదరకపోతే కంగారుపడకుండా ముందూ వెనుకా నాలుగైదు వచనాలు చూడండి.

రెండో మెట్టు: ఏడు రోజులకు ఏడు ముక్కలు

ప్రతి పరాషానూ ఏడు అలియాలుగా విడదీస్తారు. శనివారం ఉదయం ప్రార్థనాలయంలో ఒక్కో ముక్కకు ఒక్కొక్కరిని తోరా దగ్గరికి పిలుస్తారు. చాబాద్ వాళ్లు ఇదే విభజనను ఇంట్లోనూ వాడతారు. ఆదివారం మొదటి ముక్క, సోమవారం రెండోది, అలా శనివారానికి ఏడోది. మీరూ అలాగే చేయండి. శుక్రవారం రాత్రి కూర్చుని అంతా ఒక్కసారే చదివేస్తే కథ తెలుస్తుంది గానీ, దానితో బతకడం కుదరదు.

యూదు గురువుల చర్చల ప్రాచీన సంకలనం తల్మూద్‌లో ఒక పాత నియమం ఉంది. వారం వారం మూలాన్ని రెండుసార్లు, అరామిక్ అనువాదాన్ని ఒకసారి చదవాలని. మనకు తగ్గట్టు మార్చుకుంటే, తెలుగులో రెండుసార్లు చదవండి, రెండోసారి పైకి చదవండి. పాత తెలుగు అనువాదం గ్రాంథికంలో ఉంటుంది కాబట్టి పైకి చదివితే తొందరపడి దాటేసిన మాటలు చెవిలో పడతాయి.

ఇక్కడి నుంచి ఒకే ఉదాహరణతో వెళ్దాం. నవంబరు ప్రాంతంలో వచ్చే 'తోల్దోత్', అంటే ఆదికాండము 25:19 నుంచి 28:9 దాకా. ఏశావు, యాకోబు పుట్టడం, చిక్కుడుకాయల వంటకానికి జ్యేష్ఠత్వం అమ్ముకోవడం, ఆశీర్వాదం దొంగిలించడం అన్నీ ఇందులోనే. అందరూ వాటి గురించే మాట్లాడతారు. నేను మంగళవారం ముక్క తీసుకుంటాను: 26:13–22, బావుల సంగతి.

మూడో మెట్టు: ఉన్నదున్నట్టు చదవండి

చాలామంది దాటవేసే మెట్టు ఇదే. తిన్నగా "దీని ఆంతర్యం ఏమిటి" దగ్గరికి దూకేస్తారు. హసీదీ గురువులు అలా దూకరు. వాళ్లకు మూలం కంఠతా వచ్చు, దాని మీద ఫ్రాన్సుకు చెందిన రాషి (1040–1105) వ్యాఖ్య కూడా కంఠతా వచ్చు. వినేవాళ్లకూ చాలావరకు వచ్చు. మనకు రాదు కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. సెఫారియా వెబ్‌సైటులో రాషి వ్యాఖ్య ఇంగ్లీషులో ఉచితంగా దొరుకుతుంది.

జరిగింది ఇది. కరువు రోజుల్లో ఇస్సాకు గెరారులో విత్తనం వేస్తే నూరంతలు పండింది. మన ప్రసంగాల్లో తరచూ వినబడేది ఈ నూరంతల దగ్గరి వరకే, అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. ఫిలిష్తీయులు అసూయపడి, అబ్రాహాము కాలంలో తవ్విన బావులన్నిటినీ మట్టితో పూడ్చేశారు. రాజు అబీమెలెకు "మా దగ్గర నుంచి వెళ్లిపో" అన్నాడు. ఇస్సాకు లోయలోకి వెళ్లి, తండ్రి బావులనే మళ్లీ తవ్వించి, తండ్రి పెట్టిన పేర్లే పెట్టాడు. తర్వాత కొత్త బావి తవ్విస్తే గెరారు కాపరులు "ఈ నీళ్లు మావి" అని జగడమాడారు. దానికి ఏశెకు, అంటే జగడం, అని పేరు పెట్టి వదిలేశాడు. ఇంకొకటి తవ్వితే అదే గొడవ. దాని పేరు శిట్నా, పగ. అక్కడి నుంచి జరిగి మూడోది తవ్వాడు. దాని కోసం ఎవరూ గొడవకు రాలేదు. దాని పేరు రహెబోతు, విశాలమైన చోటు.

నాలుగో మెట్టు: ముడి ఎక్కడుందో పట్టుకోండి

చదివినదంతా సాఫీగా అనిపిస్తే మళ్లీ చదవండి. ఎక్కడో ఒక అసహజం, ఒక అనవసరం, ఒక ఖాళీ ఉంటుంది. దాన్ని ప్రశ్నగా నోటుబుక్కులో రాయండి. జవాబు అప్పుడే రాయొద్దు.

ఈ ముక్కలో నాకు కనిపించేవి మూడు. నీళ్లు దొరకని దేశంలో బావిని లాక్కోవడం అర్థమవుతుంది, పూడ్చడమేమిటి? తాము తాగరు, ఇంకొకరిని తాగనివ్వరు. (శత్రు దండ్లు వస్తే ఆ బావులు వాళ్లకు ఆసరా అవుతాయని భయపడ్డారని రాషి అంటారు.) పాత పేర్లే ఎందుకు పెట్టాడు? అన్నిటికంటే పెద్ద ప్రశ్న, ఇస్సాకు జీవితం గురించి ఇంత తక్కువ చెప్పిన తోరా ఈ బావుల లెక్కకు ఇంత చోటు ఎందుకిచ్చింది? 13వ శతాబ్దపు వ్యాఖ్యాత నహ్మనీదెస్ సూటిగా ఇదే అడిగారు. పైకి చూస్తే ఈ కథలో ప్రయోజనమూ లేదు, ఇస్సాకుకు గొప్ప గౌరవమూ లేదన్నారు. ఆయన జవాబు చరిత్ర వైపు వెళ్తుంది. మొదటి రెండు బావులు యెరూషలేములో కూలిపోయిన రెండు దేవాలయాలు, మూడోది రాబోయేది.

అయిదో మెట్టు: కథను లోపలికి తిప్పుకోండి

హసీదీ మలుపు ఇక్కడుంది. ప్రశ్న అదే, నహ్మనీదెస్ అడిగినదే. కానీ జవాబును దేశ చరిత్రలో కాక మనిషి లోపల వెతుకుతారు. కథలో ఉన్నవాళ్లంతా నాలోనే ఉంటే? తవ్వే ఇస్సాకూ నేనే, మట్టి పోసే ఫిలిష్తీయుడూ నేనే, "ఈ నీళ్లు మావి" అనే కాపరీ నేనే.

పోలండ్‌లోని గేర్ శాఖ గురువు, 'సెఫాత్ ఎమెత్'గా పేరుపడ్డ రబ్బీ యెహూదా ఆర్యే లైబ్ ఆల్టెర్ (1847–1905), ఈ బావుల దగ్గరికి ఏటా తిరిగి వచ్చేవారు. ఆయన చెప్పేదాని సారం ఇది: నీళ్లు ఎప్పుడూ అడుగున ఉన్నాయి, పైన మట్టి ఉంది. పని రోజుల్లో మనిషి చేసేది ఆ మట్టి తీయడం, అందులో జగడం తప్పదు. ఏశెకు, శిట్నా పని రోజులు. రహెబోతు షబ్బాత్, విశ్రాంతి దినం, తవ్వకుండానే విశాలమయ్యే చోటు.

ఇందులో రోజువారీ జీవితానికి పనికొచ్చే మాట ఏమిటంటే, ఇస్సాకు నీళ్లను పుట్టించడు. ఉన్నచోటి నుంచి అడ్డం తీస్తాడు. మనం సాధారణంగా "నాలో భక్తి లేదు, ఓపిక లేదు, చదివే అలవాటు లేదు" అనుకుని కొత్తగా ఏదో తెచ్చి నింపబోతాం. ఈ చదువు ప్రకారం అడగాల్సింది "ఏది మూసుకుపోయింది, దేనితో మూసుకుపోయింది" అని. పాత పేర్లు ఎందుకన్న ప్రశ్నకూ ఇక్కడే ఒక జవాబు దొరుకుతుంది. కొత్త బావి తవ్వేముందు, ఒకప్పుడు నీళ్లిచ్చి ఆగిపోయిన బావి ఏదో చూసుకోమని.

ఈ మెట్టులో ఒకే ఒక్క నియమం పెట్టుకోండి. వాక్యాన్ని ఎప్పుడూ మీ వైపే తిప్పండి, పక్కవాళ్ల వైపు కాదు. "మా ఆఫీసులో అచ్చం ఇలాంటి ఫిలిష్తీయుడే ఉన్నాడు" అనిపించిన క్షణంలో మీరు హసీదీ పద్ధతి వదిలేశారు. ఇస్సాకు బావి వదిలి వెళ్లాడు కదా అని, అన్యాయం జరిగిన మనిషికి "వదిలేసెయ్, సర్దుకుపో" అని ఈ కథ చెప్పడం ఇంకా పెద్ద తప్పు. వదిలేయాలా వద్దా అన్నది బావి తవ్వినవాడు తేల్చుకోవాలి.

ఆరో మెట్టు: ఒక గురువును తోడు తెచ్చుకోండి

మీ సొంత ఆలోచన రాసుకున్నాకే గురువు మాట చదవండి. ముందే చదివితే మీ ప్రశ్న చచ్చిపోతుంది. గేర్ గురువు బోధల్లో ఎంపిక చేసినవి ఇంగ్లీషులో ఉన్నాయి. బెర్దిచెవ్‌కు చెందిన రబ్బీ లేవి యిట్స్‌హాక్ (1740–1809) గ్రంథం 'కెదుషత్ లేవి' కూడా ఇంగ్లీషులో దొరుకుతుంది. ఆయన మనుషుల తరఫున దేవుడితో వాదించే వకీలుగా ప్రసిద్ధుడు, కొత్తవాళ్లకు వెచ్చగా ఉంటుంది. చాబాద్ వాళ్లు ఇంగ్లీషులో చాలా సామగ్రి ఉచితంగా పెట్టారు. ఏడాదికి ఒకే గురువును పట్టుకోండి, వారం వారం మారిస్తే ఎవరి గొంతూ పట్టుబడదు.

ఒకే కథకు ఇద్దరు గురువులు రెండు వైపులా వెళ్తారని మాత్రం ముందే తెలిసి ఉండాలి. సంఖ్యాకాండము 13లో వేగులవారి కథ తీసుకోండి. పన్నెండుమంది కనాను చూసి వచ్చారు, పదిమంది "వద్దు" అన్నారు. ష్నేయుర్ జల్మాన్ దృష్టిలో వాళ్లు పిరికివాళ్లు కారు. అరణ్యంలో మన్నా ఆకాశం నుంచి పడుతోంది, రోజంతా దేవుడి ధ్యాసలో గడపొచ్చు. కనానులోకి వెళ్తే దున్నాలి, విత్తాలి, బేరాలాడాలి. ఆ రొంపిలో దిగడం ఇష్టంలేక వెనక్కి లాగారు. వాళ్ల తప్పు కూడా అదే, దేవుడు కోరింది ఆ దున్నడాన్నే. ఉద్యోగం, ఈఎమ్ఐ, పిల్లల స్కూలు లేకపోతే నేనూ ఎంత ఆధ్యాత్మికంగా ఉండేవాణ్ణో అనుకునేవాళ్లకు ఇది తగిలే మాట.

కోట్స్క్ గురువు రబ్బీ మెనాఖెమ్ మెండెల్ (1787–1859) పేరుతో చెప్పుకునే మాట అదే అధ్యాయంలో వేరే వచనాన్ని పట్టుకుంటుంది. "మా దృష్టికి మేము మిడతల్లా ఉన్నాం, వాళ్ల దృష్టికీ అలాగే ఉన్నాం" అన్నారు వేగులు. మొదటి సగం సరే, మీకు అలా అనిపించింది. వాళ్ల కళ్లకు మీరెలా కనబడితే మీకేం పని అంటారాయన. నలుగురూ ఏమనుకుంటారో అన్న బెంగతో పెళ్లిళ్లకు అప్పులు చేసే మనకు ఈ రెండో చదువు ఇంకా దగ్గరగా తగులుతుందేమో.

ఏడో మెట్టు: వారానికి ఒక్క పని

ఇంతదాకా వచ్చి ఆగిపోతే అది మంచి చదువు, అంతే. ఆ పరాషా మీ వారంలో ఏదో ఒకదాన్ని కదిపితే దానితో బతికినట్టు. పని చిన్నదై ఉండాలి, చేశామో లేదో స్పష్టంగా తేలాలి, బయటికి చెప్పుకోనవసరం లేనిదై ఉండాలి. "ఓర్పుగా ఉంటాను" పని కాదు. "ఆగిపోయిన ఒక అలవాటును గురువారంలోపు ఒక్కసారి మళ్లీ మొదలుపెడతాను" అన్నది పని. మానేసిన సంగీతం కావచ్చు, అన్నయ్యకు చేయడం మానేసిన ఫోను కావచ్చు.

మరికొన్ని పరాషాలకు నాకు నచ్చినవి చెప్తాను. 'వయ్యేరా'లో అబ్రాహాము తనను తాను ధూళి, బూడిద అనుకుంటాడు (ఆదికాండము 18:27). పిషిస్ఖా గురువు రబ్బీ సింఖా బునిమ్ (మరణం 1827) ప్రతి మనిషికీ రెండు జేబులుండాలని, ఒకదానిలో ఈ మాట, ఇంకోదానిలో మిష్నా అనే ప్రాచీన యూదు ధర్మశాస్త్ర సంకలనంలోని "నాకోసమే లోకం సృష్టించారు" అన్న మాట ఉండాలని అనేవారు. అవసరాన్ని బట్టి ఏదో ఒకటి తీసి చూసుకోవాలి. నిజంగానే రెండు చీటీలు రాసి వారమంతా జేబులో వేసుకోండి. ఏ జేబులో చేయి పెట్టాలో తేల్చుకోవడంలోనే ఉంది కష్టమంతా. ప్రమోషన్ వచ్చిన రోజున ఒకటి, ఇంటర్వ్యూ టెన్షన్‌లో ఉన్నప్పుడు రెండోది.

'వయ్యేషెవ్' వారానికి యోసేపు జైల్లో అడిగిన ప్రశ్న చాలు: "ఈవేళ మీ ముఖాలు ఎందుకు చిన్నబోయాయి?" (ఆదికాండము 40:7). చేయని తప్పుకు జైల్లో పడ్డవాడు పక్క ఖైదీల ముఖాలు చూసి అడిగాడు. ఆ ప్రశ్న నుంచి కలలు, కలల నుంచి ఫరో, ఫరో నుంచి ఐగుప్తు ఆకలి తీరడం. ఆ వారం ఒక్కరిని అడగండి, అడిగి జవాబు వినేదాకా నిలబడండి.

'త్సావ్' పైకి ఎండిపోయిన పరాషా, బలుల వివరాలే. కానీ అందులో బలిపీఠం మీద మంట ఎప్పుడూ ఆరకూడదనీ, యాజకుడు ప్రతి ఉదయం కట్టెలు వేయాలనీ ఉంది. దానికి ముందు చేసే పని నిన్నటి బూడిద తీయడం. మంట అంటే గుండెలో ఉన్న ప్రేమ అని హసీదీలు చదువుతారు. అది ఉన్నా రోజూ కట్టె వేయాల్సిందే. ఆ వారం పొద్దున లేవగానే ఫోను ముట్టుకునే ముందు అయిదు నిమిషాలు ఈ రెండు పనులకివ్వండి: నిన్నటిది ఏం తీసేయాలి, ఇవాళ్టికి ఏం వేయాలి.

కష్టం వచ్చిన వారంలో

హసీదీ బోధ అంటే ఎప్పుడూ ఉత్సాహపరిచే మాటలే అనుకునేవాళ్లు వార్సా గురువు రబ్బీ కలోనిముస్ కల్మాన్ షపీరా (1889–1943) గురించి తెలుసుకోవాలి. 1939 సెప్టెంబరు బాంబుదాడుల్లో ఆయన ఒక్కగానొక్క కొడుకు, కోడలు పోయారు. కొన్ని వారాలకు 'ఖయ్యే సారా' వచ్చింది, శారా మరణంతో మొదలయ్యే పరాషా. ఇస్సాకును బలిపీఠం మీద కట్టారన్న వార్త విని శారా ప్రాణం పోయిందని రాషి రాశారు. షపీరా దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. ఇంత బాధను మనిషి తట్టుకోలేడని దేవుడికి చూపించడానికే శారా చనిపోయిందన్నారు. అది దేవుడి ముందు పెట్టిన ఫిర్యాదు. 1942 దాకా ఆయన వార్సా ఘెట్టోలో, అంటే నాజీలు యూదులను బంధించి ఉంచిన పేటలో, ఇలా పరాషాల మీద బోధించారు, ఆ కాగితాలు భూమిలో పాతిపెట్టించారు. యుద్ధం తర్వాత అవి దొరికాయి, 1960లో అచ్చయ్యాయి. ఆయన్ను 1943లో నాజీలు చంపేశారు.

కాబట్టి దుఃఖంలో ఉన్న వారం పరాషాలో ఓదార్పు వెతికి తీరాలని లేదు. మీ మాటే అక్కడ ఎవరైనా ముందే అన్నారేమో చూడండి. ఆ వారానికి పని పెట్టుకోకపోయినా ఫరవాలేదు.

ఎనిమిదో మెట్టు: ఎవరికైనా చెప్పండి

హసీదీల దగ్గర ఇది ఒంటరి చదువు కాదు. శుక్రవారం రాత్రి, శనివారం మధ్యాహ్నం, మళ్లీ పొద్దువాలే వేళ మూడో భోజనం దగ్గర పాటల మధ్యలో పరాషా గురించి మాట్లాడుకుంటారు. హసీదీలు ఎక్కువగా ఉండే న్యూయార్క్ ప్రాంతపు బ్రూక్లిన్‌లోనో మాన్సీలోనో పనిచేస్తున్న తెలుగువాళ్లు శుక్రవారం తొందరగా ఇంటికెళ్లే సహోద్యోగిని "ఈ వారం పరాషా ఏంటి" అని అడిగి చూడొచ్చు. చాలామంది సంతోషంగా చెప్తారు. మన ఇళ్లలో రాత్రి భోజనం దగ్గర మూడు నిమిషాలు చాలు. కథ ఒక నిమిషం, మీ ముడి ఒక నిమిషం, గురువు మాట ఒకటి. వారానికి పెట్టుకున్న పని మాత్రం చెప్పొద్దు. చెప్తే అది పిల్లలకు ఉపదేశంగా మారిపోతుంది, మీకు ప్రదర్శనగా మారిపోతుంది.

వారాలు తప్పిపోతే

తప్పిపోతాయి. ముఖ్యంగా వసంతంలో వచ్చే చర్మవ్యాధుల పరాషాల దగ్గర, సంఖ్యాకాండములో జనాభా లెక్కల దగ్గర. వెనక్కి వెళ్లి పూడ్చుకోవద్దు, ఈ వారం ఎక్కడుంటే అక్కడ ఎక్కేయండి. జంట పరాషాల వారం రెండిటిలో ఒకదాన్నే లోతుగా చదవండి, రెండోది కథ కోసం చదివితే చాలు. శనివారం మధ్యాహ్నపు ప్రార్థనలో యూదులు అప్పటికే తర్వాతి వారం పరాషాలోంచి మొదటి ముక్క చదివేస్తారు, సోమ, గురువారాల్లో మళ్లీ అదే ముక్క చదువుతారు. మీకు కొత్త వారం మొదలుపెట్టడానికీ ఆ శనివారం మధ్యాహ్నమే అనువుగా ఉంటుంది.